ఈ వారం బాస్

హత్నూర,
2024 జూన్ 9

మామయ్యకు,

ఉగాది నాడు మనిద్దరం ఫోనులో అరుచుకున్నాక అమ్మ పెట్టిన షరతు గుర్తుంది కదా. వాదించుకోవాలంటే కాగితం మీద వాదించుకోండి, నా చెవుల దగ్గర కాదు అంది. మీ చెల్లెలి మాట మీరూ నేనూ దాటలేం కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. చేతిరాత చూసి నవ్వకండి.

ఉద్యోగంలో చేరి మూడు వారాలైంది. మందుల ప్యాకింగ్ హాలుకు నేను ఇన్‌ఛార్జిని. గోలీల పట్టీలు బెల్టు మీద వస్తుంటాయి. పదకొండు మంది ఆడవాళ్లు రెండు వైపులా నిలబడి వాటిని అట్ట డబ్బాల్లో పెట్టి మూస్తారు. పన్నెండో మనిషి ఖాళీ డబ్బాలు అందిస్తూ, నిండినవి మోసుకెళ్తూ తిరుగుతుంది. అందరూ కాంట్రాక్టు వాళ్లే. ఎనిమిది గంటలూ నిలబడే పని, కూర్చోకూడదని రూలు. హాలంతటికీ ఉన్న కుర్చీ ఒక్కటి, అది నాది.

మీకు మాత్రమే చెబుతున్నాను. కెమెరాకు కనపడని స్తంభం వెనక వాళ్లు ఒక ప్లాస్టిక్ క్రేటు బోర్లించి పెట్టుకున్నారు. వంతులవారీగా ఒక్కొక్కరూ వెళ్లి కాసేపు కూర్చుని వస్తారు. రవళి అనే అమ్మాయికి అయిదో నెల, ఆమెకు రెండు వంతులు. నేను చూసీ చూడనట్టు ఉంటున్నాను. వంతులు చూసేది బక్కమ్మ అనే పెద్దావిడ. ఆమె కన్నెగరేస్తే ఒకరు వెళ్లి కూర్చుంటారు. ఆమె ముంజేతికి ఎర్ర రబ్బరు బ్యాండు ఉంది. ఏమిటని అడిగితే, "ఈ వారం నేనే బాస్, బిడ్డా" అంది.

మీరు మాటల పుట్టుక గురించి పత్రికలో రాస్తారని నేను చెప్పుకున్నాను లెండి, గొప్పకు. అప్పటినుంచి బక్కమ్మ వదలడం లేదు. "గీ బాస్ అన్న మాట యాడికెళ్లి వచ్చిందో మీ మామను జెర అడుగరాదు" అని రోజూ గుర్తు చేస్తోంది. రాయండి. తిట్లు తగ్గించి రాయండి.

అత్తయ్యను అడిగానని చెప్పండి. ఆవకాయ అయిపోయింది.

ప్రసన్న


భానూర్,
జూన్ 14

ప్రసన్నా,

చి.ల.సౌ. అని మొదలుపెట్టను, ఆ మూడక్షరాల మీద నాకున్న అభ్యంతరాలు నీ పుట్టినరోజు ఉత్తరంలో వివరంగా రాశాను. ఆవకాయ రేపు డ్రైవరు కాశీనాథ్ బస్సులో పంపుతున్నాం. ఈసారి కారం ఎక్కువైందని మీ అత్తయ్యతో నేను అన్నది నిజమే, ఆ తర్వాత జరిగినది ఇక్కడ అప్రస్తుతం.

బాస్ విషయానికి వద్దాం. అది ఇంగ్లీషు మాట కాదు, డచ్చి వాళ్లది. వాళ్ల భాషలో 'బాస్' అంటే యజమాని. ఓడలెక్కి అమెరికా పోయినప్పుడు వాళ్ల సరుకుతో పాటు ఈ మాటా దిగింది. అక్కడ కూలికి పనిచేసే తెల్లవాళ్లకు 'మాస్టర్' అనడం చిన్నతనం అనిపించింది. ఆ మాట బానిసలు వాడేది కదా. అందుకని పక్కింటి వాళ్ల మాట పట్టుకుని బాస్ అన్నారు. జీతం అదే, పని గంటలూ అవే, కుర్చీలో కూర్చున్నవాడూ వాడే. అటు దక్షిణాఫ్రికాలోనేమో ఇదే మాటను నల్లవాళ్ల చేత తెల్లవాళ్లు దశాబ్దాల తరబడి బలవంతంగా పలికించారు. ఒక సముద్రానికి ఆ ఒడ్డున ఆత్మగౌరవం, ఈ ఒడ్డున అవమానం. డాలు మధ్యలో ఉండే బొడిపెను కూడా ఇంగ్లీషులో బాస్ అంటారు, దానికీ దీనికీ చుట్టరికం లేదు. అమెరికా కుర్రకారు యాసలో కొన్నాళ్లు బాస్ అంటే 'భలే' అని. అక్కడ ఎన్నికల్లో ఓట్లు మూటగట్టి అమ్మే ఊరి పెద్దనూ బాస్ అన్నారు.

ఇక మన దగ్గర చూడు. ఆటో అతన్ని బాస్ అంటాం, కిరాయి తగ్గించమనేటప్పుడు. చాయ్ తెచ్చే మనిషిని బాస్ అంటాం, పేరడిగే తీరిక లేక. మా మెషిన్ షాపులో అరవై మంది ఒకరినొకరు బాస్ అనుకుంటారు. అరవై మంది బాసుల్లో ఒక్కడికి కూడా పక్కవాడికి అరపూట సెలవు ఇచ్చే అధికారం లేదు. పైగా బాసిజం అని ఇంకో మాటా తెచ్చుకున్నాం, పెత్తనానికి ముద్దుపేరు.

నీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది అది కాదు. పన్నెండు మంది కూలి మనుషులు తమలోనే ఒకామెకు బాస్ అని పేరు పెట్టి, చేతికి గుర్తు కట్టి, ఆమె కన్నెగరేస్తే తప్ప కూర్చోకుండా ఉండటం. పైవాడు రూలు పెట్టాడు సరే. ఆ రూలుకు కాపలా కాసే మనిషిని కిందివాళ్లే తయారు చేసుకోవడమేమిటి? ఆమె మాత్రం క్రేటు మీద ఎంతసేపు కూర్చుంటుందో గమనించావా?

ఈ నెల పత్రికకు విషయం దొరకక కొట్టుమిట్టాడుతున్నాను. దొరికింది.

మీ మామయ్య,
రామలింగేశ్వరరావు


హత్నూర,
జూన్ 19

మామయ్యా,

ఆవకాయ అందింది. కారం సరిగ్గానే ఉంది, అత్తయ్యకు చెప్పండి.

బక్కమ్మ గురించి మీరు అనుకున్నది తప్పు. ఇప్పుడు రెండు షిఫ్టులు కలిపి చేస్తున్నాను, కళ్లు మూతలు పడుతున్నాయి, వివరంగా రాసే ఓపిక లేదు. ఒకరోజు వచ్చి ఆమెతో మాట్లాడండి, మీకే అర్థమవుతుంది. డచ్చి వాళ్ల సంగతి రాసుకోండి, అమెరికా సంగతి రాసుకోండి. మా హాలు మాత్రం పత్రికలో పెట్టకండి. ఇది బతిమాలడం అనుకోండి.

ప్రసన్న


భానూర్,
జులై 6

ప్రసన్నా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో నాకు కనపడింది భయం. నిన్న మొన్నటిదాకా నాతో సమానంగా గొంతు లేపిన పిల్ల, ఒక కుర్చీ దొరకగానే "పెట్టకండి" అంటోంది. కోపగించుకోను. కుర్చీ చేసే పని అది, ఎవరినైనా అలాగే మారుస్తుంది. నేనైతే నీ భయాన్ని గౌరవించి నీ పేరు రాయలేదు, కంపెనీ పేరు రాయలేదు. "హత్నూర దాపున ఒక మందుల ప్యాకింగ్ హాలు" అని మాత్రమే రాశాను.

పత్రిక జత చేస్తున్నాను. పదకొండో పేజీ. 'బోర్లించిన క్రేటు మీద బుల్లి సింహాసనం' అని శీర్షిక. సంపాదకుడు ఫోను చేసి మరీ మెచ్చుకున్నాడు. మూడో పేరా నీకు నచ్చుతుంది: "ఎర్ర రబ్బరు బ్యాండు కట్టుకున్న చేతికి మిగతా పదకొండు జతల మోకాళ్లు లోబడి ఉన్నాయి. యజమాని ఊళ్లో లేకపోయినా యజమానిత్వం స్తంభం వెనకే ఉంది."

మీ అత్తయ్య చదివి, "ఆ ఆడవాళ్లను మీరు చూశారా?" అని అడిగింది. చూడకుండా కూడా తెలిసే విషయాలు ఉంటాయని చెప్పాను.

మీ మామయ్య


హత్నూర,
జులై 15

రామలింగేశ్వరరావు గారికి,

మీ పదకొండో పేజీని ఎవరో మా గేటు ముందు చాయ్ బండికి అంటించారు. సెక్యూరిటీ చదివాడు, ఆ తర్వాత మేనేజరు చదివాడు. హత్నూర దాపున మందుల ప్యాకింగ్ హాళ్లు ఎన్ని ఉన్నాయనుకున్నారు? స్తంభం వెనక, క్రేటు, ఎర్ర బ్యాండు. ఇంత గుర్తు చెప్పాక పేరు దాచి ఏం లాభం? మంగళవారం క్రేటు తీసుకుపోయారు. బుధవారం స్తంభం మీద ఇంకో కెమెరా పెట్టారు.

ఇప్పుడు ఎవరూ కూర్చోవడం లేదు. రవళి పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. పని మానేస్తే ఇంట్లో గడవదు, కాన్పు సెలవు దాకా ఎలాగో నెట్టుకురావాలి. మొన్న ఆమె బెల్టు పట్టుకుని నిలబడి ఉంటే నా కుర్చీ తీసుకెళ్లి వేశాను. కూర్చోలేదు. "మీ కుర్సీ మాకెందుకు మేడం, అది గూడ పేపర్ల రాస్తరేమో" అంది పక్కనున్న త్రివేణి. ఎవరూ నవ్వలేదు. ఇన్నాళ్లూ నన్ను బిడ్డా అని పిలిచిన బక్కమ్మ ఇప్పుడు మేడం అంటోంది. హాల్లో సంగతి బయట పెట్టింది నేనే, అందులో అబద్ధమేమీ లేదు.

ఆమె ఎంతసేపు కూర్చుంటుందో గమనించావా అని అడిగారు. గమనించాను. ఒక్క నిమిషం కూడా కూర్చోదు. బెల్టు ఆగదు కదా, మామయ్యా. ఒకరు వెళ్లి కూర్చుంటే ఆ చోట ఇంకొకరు నిలబడి చేతులు ఆడించాలి. ఆ నిలబడే మనిషే బాస్, ఆ వారం డబ్బాలు మోసే పన్నెండో మనిషి. తన మోత పని తను చేసుకుంటూనే, కూర్చున్నవాళ్ల చోటు కూడా అందుకుంటుంది. గడియారం లేదు, ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటారు, అందుకని డబ్బాలు లెక్కపెడుతుంది. రెండు వందల డబ్బాలు పోతే ఒక వంతు అయినట్టు. వారమంతా అందరినీ కూర్చోబెట్టి తను కూర్చోకుండా ఉండాలి. సోమవారం బ్యాండు ఇంకొకరి చేతికి మారుతుంది. రవళికి నెలలు కాబట్టి ఆమె వారం కూడా బక్కమ్మే తీసుకుంది. ఆమెకు యాభై ఆరేళ్లు, కుడి మోకాలు వంగదు.

మీరు సింహాసనం అన్నది దీన్నే.

ప్రసన్న


భానూర్,
జులై 19

ప్రసన్నా,

నీ ఉత్తరంలో నన్ను 'గారు' అన్నావు. ముప్పై ఏళ్ల కార్మిక సంఘం పనిలో మేనేజర్లు నన్ను అన్న మాటలేవీ ఇంత గట్టిగా తగల్లేదు.

మొదట వాదిద్దామనుకున్నాను. వ్యాసం తప్పైనా సిద్ధాంతం ఒప్పే కదా, క్రేటు తీసింది నేను కాదు కదా, అని రెండు పేజీలు రాశాను కూడా. మీ అత్తయ్య ఆ రెండు పేజీలూ చదివి, వెళ్లి తను కూర్చుని వండే పీట తెచ్చి వంటగది బయట పెట్టి, నిలబడే అన్నం వండింది. రాత్రికి చపాతీలూ నిలబడే చేసింది. రెండో రోజూ అంతే. మూడో రోజు ఆ పేజీలు చించేశాను.

నువ్వు భయపడ్డావని రాశాను. నువ్వు వాళ్ల చోటును కాపాడావు. నేను పదకొండు మందిని కూర్చోనీయని మనిషినయ్యాను, అదీ కూర్చునే హక్కు గురించి రాస్తూ. ఇంకా సిగ్గుపడాల్సింది మరొకటి ఉంది. ఫ్యాక్టరీల చట్టం నలభై నాలుగో సెక్షన్. నిలబడి పనిచేసేవాళ్లకు పని మధ్యలో వీలు చిక్కినప్పుడు కూర్చోవడానికి ఏర్పాట్లు ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. కొత్తగా చేరిన వాళ్లకు ఏటా క్లాసు పెట్టి నేనే చెబుతాను. కూర్చోకూడదన్న రూలు నీ మొదటి ఉత్తరంలోనే ఉంది. ఎక్కడో హాలండు మాట పుట్టుక నాలుక చివర ఉన్న వాడికి ఆ సెక్షన్ గుర్తుకు రాలేదు. తిట్టడానికి మనిషి దొరికిన సంబరంలో ఉన్నాను మరి.

మేనేజరుకు ఇవ్వడానికి వినతిపత్రం రాసి జత చేశాను. నాలుగు పేజీలు. రెండో పేజీలో పారిశ్రామిక విప్లవం కొంచెం ఎక్కువైంది. వాళ్లకు ఎలా కావాలంటే అలా మార్చుకోమను. చించేయమన్నా సరే. ఇది నా క్షమాపణ అని చెప్పకు, అది నేనే వచ్చి చెప్పాలి. ఎప్పుడు రమ్మంటే అప్పుడు.

నీ మామయ్య


హత్నూర,
ఆగస్టు 11

మామయ్యా,

ఆలస్యానికి ఏమీ అనుకోకండి. జరిగింది చాలా ఉంది.

మీ ఉత్తరం వచ్చిన మర్నాడు నేను వాళ్లకు ఏమీ చెప్పలేదు. కుర్చీని తీసుకెళ్లి స్తంభం దగ్గర, కొత్త కెమెరా ఎదురుగానే వేశాను. వెళ్లి రవళి చోట నిలబడి డబ్బాలు మూయడం మొదలుపెట్టాను. నాకు చేత కాలేదు. త్రివేణి రెండుసార్లు నా డబ్బాలు లాక్కుని మళ్లీ మూసింది. "గిట్ల మూస్తే మందుల దుకాణం దాకా గూడ పోవు మేడం" అంది. రవళి కుర్చీ వంక చూసింది, బక్కమ్మ వంక చూసింది. బక్కమ్మ కన్నెగరేసింది. ఆ అమ్మాయి వెళ్లి కూర్చుంది.

వారం రోజులు అలాగే చేశాను. నా రిపోర్టులు షిఫ్టు అయ్యాక రాసుకున్నాను. శనివారం సాయంత్రం చేతులు కడుక్కుంటుంటే బక్కమ్మ వచ్చి తన బ్యాండు తీసి నా ముంజేతికి ఎక్కించింది. "సోమారం కెళ్లి నువ్వే, బిడ్డా" అంది. మేడం అనలేదు.

అప్పుడు మీ నాలుగు పేజీలు చదివి వినిపించాను. భోజనాల గంటలో మొదలుపెడితే ఒకటిన్నర పేజీకి గంట మోగింది. బక్కమ్మ అంది: "మీ మామ మంచిగనే రాసిండు గని, గిదంత సదివే సరికి రవళి బిడ్డ బడికి పోతది. మాకు కావాల్సింది కూసునేటందుకు స్టూలు. గంతే రాయి." చివరికి మిగిలింది ఇది: "మేం పన్నెండు మందిమి రోజుకు ఎనిమిది గంటలు నిలబడి పని చేస్తున్నాం. నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని ఫ్యాక్టరీల చట్టం నలభై నాలుగో సెక్షన్ చెబుతోంది. మా హాల్లో లేదు. పెట్టించండి." సెక్షన్ నంబరు మాత్రం ఉంచమంది. "గది మస్తుగున్నది" అంది.

పన్నెండు సంతకాలు అయ్యాయి. కింద నేను రాశాను: "హాల్లో ఉన్న కుర్చీ ఒక్కటే. అది నాది." పదమూడో సంతకం పెట్టాను. మేనేజరు పిలిచి, నీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, తెలుసా అన్నాడు. తెలుసు సార్ అన్నాను. ఆ నంబరు చట్టంలో ఉందో లేదో పై ఆఫీసును అడిగి చెబుతానన్నాడు. ఉందట.

నిన్న స్టూళ్లు వచ్చాయి. పన్నెండు అడిగాం, ఆరు ఇచ్చారు. కాబట్టి వంతులు ఉన్నాయి, బాస్ కూడా ఉంది. నా ఉద్యోగమూ ఉంది.

వచ్చే ఆదివారం, పద్దెనిమిదో తేదీ, బక్కమ్మ ఇంట్లో రవళి సీమంతం. మీరు సీమంతం మీద రాసిన వ్యాసం నాకు గుర్తుంది, గుర్తు చేయకండి. వాళ్లు మిమ్మల్ని రమ్మన్నారు. రేపటితో మొదలయ్యే ఈ వారానికి మీరే బాస్ అని తీర్మానించారు. రబ్బరు బ్యాండు జత చేస్తున్నాను. కట్టుకుని రండి.

ప్రసన్న


భానూర్,
ఆగస్టు 20

అమ్మాయ్ ప్రసన్నా,

నువ్వు పక్కనే ఉన్నావు కాబట్టి జరిగినదంతా మళ్లీ చెప్పక్కర్లేదు. అయినా రాస్తాను. ఫోనులో చెబితే నువ్వు నవ్వుతావు.

క్షమాపణ చెప్పాలని కాగితం రాసుకుని జేబులో పెట్టుకుని వచ్చాను. గుమ్మంలోనే బక్కమ్మ నా చేతికి పప్పు బకెట్టు ఇచ్చింది. "అమ్మా, ముందు నేను ఒక మాట..." అంటే, "ముందుగాల పప్పు పొయ్యన్నా. ముచ్చట తర్వాత" అంది. బాస్ వడ్డించాలట, అందరూ లేచాకే తినాలట. వరండాలో రెండు వరసలు. నువ్వు రెండో వరసలో కూర్చుని వంకాయ రెండుసార్లు అడిగావు, కావాలనే అడిగావని నాకు తెలుసు. మీ అత్తయ్య రవళి పక్కన కూర్చుని గాజులు తొడుగుతూ నా వంక చూడనైనా లేదు. కానీ నవ్వుతోంది, భుజాలు కదులుతున్నాయి.

గంటన్నర నిలబడ్డాను. సభల్లో మూడు గంటలు నిలబడి మాట్లాడిన వాణ్ని, మోకాళ్లు ఉన్నాయని నాకెప్పుడూ తెలియలేదు. మాట్లాడేటప్పుడు తెలియదు కాబోలు.

పెరుగు దాకా వచ్చాక బక్కమ్మే అడిగింది, "ఇగ చెప్పన్నా, గా మాట సంగతి." జేబులో కాగితం తీయలేదు. తప్పు రాశాను, మీ కూర్చునే చోటు పోగొట్టాను అన్నాను. "గది ఎర్కే గని, మాట సంగతి చెప్పు" అంది. చెప్పాను. డచ్చి వాళ్లు, ఓడ, అమెరికా కూలీలు. దొరను దొర అనబుద్ధి కాక పరాయి మాట ఒకటి తెచ్చుకున్నారని చెప్పాను. ఆమె వేళ్లు నాకింది. "అయితే ఆల్లు గూడ మా లెక్కనే అన్నట్టు. ఆల్లు దొరకు కొత్త పేరు పెట్టిండ్రు. మేము పేరు ఉంచి దొరను తీసేసినం."

ప్రసన్నా, ఈ మాట గురించి నేను ఇరవై ఏళ్లుగా పుస్తకాలు తిరగేస్తున్నాను.

పత్రికకు సవరణ పంపాను. ఏడు వాక్యాలు. ఊరు లేదు, గుర్తులు లేవు, వ్యాసం తప్పని, చూడకుండా రాశానని, ఇంకా నలభై నాలుగో సెక్షన్ పూర్తి పాఠం. పంపే ముందు బక్కమ్మకు ఫోనులో చదివి వినిపించాను. ఒక వాక్యం తీసేయమంది, తీసేశాను. ఒంట్లో బాగానే ఉందా అని సంపాదకుడు అడిగాడు.

ఒక సంగతి మాత్రం నువ్వు చూడలేదు, అప్పుడు నువ్వు పెరట్లో ఎంగిలాకులు పడేస్తున్నావు. అందరూ లేచారు. నేను ఖాళీ బకెట్టు పట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాను. రవళి నడుము మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా వచ్చింది. తను కూర్చున్న పీటను కాలితో నా వైపు జరిపింది. ఒక ఆకు వేసింది. నా ముంజేతి నుంచి ఎర్ర బ్యాండు లాగి తన చేతికి ఎక్కించుకుంది.

"కాన్పయినంక నా వంతు నేనే జేస్త" అంది. "మీ వారం అయిపోయింది. ఇగ కూసోండ్రి, బాస్."

కూర్చున్నాను.

నీ మామయ్య